కొండకును కాలువకును నడుమ కాపురము

పల్లె విడిచి పట్టణమునకు పోవుదమా, మహానగరము విడిచి చిన్న నగరమునకు వత్తమా యను తర్జనభర్జన నేడు చాల యిండ్లలో జరుగుచున్నది. ఇందు పురుషులు ముఖ్యముగా మూడు లెక్కలు వేయుదురు: జీతమెంత, అద్దె యెంత, పిల్లల చదువెట్లు అని. అవి వేయవలసిన లెక్కలే, కాదనము. కాని యుదయము పొయ్యి వెలిగించినది మొదలు రాత్రి తలుపు గడియ వేయువఱకు ఆ యింటితో మెలగు స్త్రీకి వచ్చునదేమి, పోవునదేమి యను లెక్క యే కాగితముమీదను పడదు. మాకు తెలిసినంతవఱకు ఆ లెక్కను సోదరీమణుల ముందుంచుచున్నాము.

మా వారు బడిపంతులు. 2019 వేసవిలో దివిసీమయందలి మా పల్లె విడిచి, విజయవాడ వన్ టౌనులో బ్రాహ్మణవీధి దాపున రెండు గదుల వాటాలో కాపురము పెట్టితిమి. 2011 జనాభా లెక్కలనాటికే పది లక్షలు దాటిన యూరిని చిన్న నగరమనుట యెట్లని కొందఱు నవ్వవచ్చును. హైదరాబాదునుండి వచ్చినవారికిది చిన్నది, మా పల్లెనుండి వచ్చినవారికి పెద్దది. వన్ టౌను మాత్రము ఈ కొసనుండి ఆ కొసకు అరగంట నడక. మేము కాపురముండునది నగరములో కాదు, ఈ అరగంట నడకలో.

మహానగరమునుండి వచ్చినవారి మాట ముందు చెప్పెదము. 2014 జూను 2వ తేదీని రాష్ట్రము రెండైన పిమ్మట, 2016లో సచివాలయోద్యోగులు హైదరాబాదునుండి కృష్ణకావలియొడ్డునగల వెలగపూడికి తరలి రావలసివచ్చినది. వారికై రైలు వేసిరి; వారమునకైదు దినములే పని యనిరి. అందువలన చాలమంది కుటుంబములను కదల్పక, విజయవాడలో నొక గది తీసికొని, వారాంతమున రైలెక్కి పిల్లలను చూచి మరల వచ్చుచుండిరి. కొలువు చేయు తల్లులును అట్లే పిల్లలను అమ్మమ్మలకప్పగించి రైలెక్కిరి. రెండద్దెలు, రెండు పొయ్యిలు, ఎచ్చటను నిండని కంచము. తరలివచ్చుటలోని కష్టము నాలుగు దినములది. సగము తరలివచ్చుటలోని కష్టమునకు తుది లేదు. వచ్చినచో కుదురుగా రావలెను, లేనిచో రానేరాదని మా యభిప్రాయము.

ఇక నీ పేట సంగతి. వన్ టౌనను పేరు పోలీసు ఠాణావలన వచ్చినదే కాని యిది అసలైన పాత బెజవాడ. ఒకవైపు ఇంద్రకీలాద్రి, ఒకవైపు కృష్ణ, ఒకవైపు ఏలూరు కాలువయు రైలుమార్గమును. అర్జునుడు పాశుపతముకొఱకు తపమొనర్చిన కొండ యిదియేననియు, ఆ విజయుని పేరనే యూరు విజయవాడ యైనదనియు స్థలపురాణము. మా నాయనగారియొద్ద భారవి కిరాతార్జునీయము చదువుకొను దినములలో ఇంద్రకీలము మాకు హిమవంతము దరినున్న చల్లని కొండగా తోచెడిది. ఇచ్చటికి వచ్చి చూడగా, మే నెలలో ఆ బండలపై అరికాలు మోపరాదు! అర్జునుని తపస్సు మాట యటుండనిండు, ఆ కొండవాలులమీద కాపురములు చేయు స్త్రీల తపస్సును మాత్రము మేము ప్రతిదినము కన్నులార చూచుచున్నాము. ఈ కొండదరి మల్లేశ్వరాలయమున యుద్ధమల్లుని పద్యశాసనము గలదు. సుమారు పదవ శతాబ్దమునాటిదట. కుమారస్వామికి గుడి కట్టించిన సంగతి మధ్యాక్కరలలో చెక్కించినారు. అనగా నన్నయగారు భారతము మొదలిడుటకు పూర్వమే యీ వీధులలో తెలుగుపద్యము వినబడినదన్నమాట. అద్దె కట్టలేక తల పట్టుకొను దినములలో నిట్టి సంగతి తలచుకొనిన మనస్సునకు కొంత హాయి కలుగును. పురుషులు దీనిని లాభములలో చేర్పరు.

పేట యిట్లుండుటకు కారణము నీరు. 1832-33లలో వచ్చిన డొక్కల కరువును గుంటూరు సీమ ముదుసలులు తరతరములు చెప్పుకొనిరి. ఆ తరువాత ఆర్థర్ కాటన్ దొరగారి సలహాతో 1852లో ఆనకట్ట పని మొదలిడి, కెప్టెన్ ఓర్ గారి పర్యవేక్షణమున 1855లో ముగించిరి. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ ఇచ్చటనే పుట్టి డెల్టాకు పోవుచున్నవి. ధాన్యపు పడవలు కాలువగట్టున ఆగెడివి. పిమ్మట రైలు వచ్చినది. సరుకు దిగుచోట గోడౌనులు, గోడౌనుల ప్రక్క దుకాణములు, దుకాణములపై కాపురములు లేచినవి. ఆ పాత యానకట్ట 1952లో తెగగా, డెబ్బది తలుపుల ప్రకాశం బ్యారేజిని 1957లో ముగించిరి. నేడు కాలువలో పడవలు లేవు. కాని పడవలనాడు కుదిరిన బేరము మాత్రము కదలలేదు. వన్ టౌనులో నింటికన్న ముందు దుకాణము పుట్టినది. మనము దుకాణములమధ్య సర్దుకొని యుండువారము. ఈ సంగతి యెఱిగి వచ్చినచో సగము విసుగు తగ్గును.

మేము మొట్టమొదట పొందిన లాభము నడక. పల్లెలో జ్వరపు మాత్రలు కావలెనన్నచో అవనిగడ్డ పోవువారెవరని వీధిలో విచారింపవలెను. చీటి వ్రాసి డబ్బిచ్చి పంపవలెను. తెచ్చినది వేఱైనను సరిపెట్టుకొనవలెను. రవికగుడ్డ రంగు మొదలు పిల్లల పలకవఱకు ఇంకొకరి కన్నులతో ఎంచబడి మన చేతికి వచ్చెడివి. ఇచ్చట సంచి పట్టుకొని గడప దాటిన చాలును. ఆంధ్రప్రదేశ శాసనసభకు తొలి స్పీకరైన అయ్యదేవర కాళేశ్వరరావుగారి పేరనున్న మార్కెట్టులో కూరలు, ఆ పై వీధిలో పప్పుదినుసులు, ఇంకొక మలుపున ఇత్తడి సామానులు. దేశమునలుమూలలనుండి పెండ్లివారు బండ్లు కట్టుకొని వచ్చు వస్త్రలత మాకు పది నిమిషముల నడక. టోకు వ్యాపారులు గనుక ఒక్క చీరకై పోయినవారి మొగము కొందఱు చూడరు. మేము మూడిండ్లవారము కూడి పోయి, ఒకే దుకాణమున ఆఱు చీరలు బేరమాడి, టోకు ధరకే తెచ్చుకొందుము. ఈ విద్య మాకు మేడమీది మార్వాడీ యిల్లాలు నేర్పినది.

పదిహేను సంవత్సరములు కాపురము చేసిన పిమ్మట, ఎవరిని అడుగక మాకు కావలసిన వస్తువును మేమే చూచి, మేమే ఎంచి, మేమే వెల యిచ్చి తెచ్చుకొనుట యిచ్చటనే తొలిసారి. మా వారు మంచివారు. పల్లెలోనైనను వలదనినవారు కారు. కాని వలదనకుండుట వేఱు, పోవుటకు చోటుండుట వేఱు.

రెండవ లాభము మా పెద్దపిల్ల చదువు. కొత్తపేటలో 1965లో స్థాపింపబడిన కాకరపర్తి భావనారాయణ కళాశాలకు అది కాలినడకను పోవుచున్నది. మా పల్లెలో దాని యీడు బాలికలు ఉదయపు బస్సు పట్టుకొని పోవలెను. వానలకు రోడ్డు పాడై బస్సు రాని దినములు కూడుకొన్నచో, "ఇంకెందుకులే" యను మాట ఇంటిలో పుట్టును. ఆ మాట పుట్టిన యింట సంబంధములు చూచుట మొదలగును. ఒక బాలిక చదువు ఆగుటకు తండ్రి కాఠిన్యమే కావలెనా? గుంటలు పడిన రోడ్డు చాలును.

ఇక నష్టములకు వత్తము. ఇవియు చిన్నవి కావు.

వన్ టౌను ఇంటికి నాలుగువైపుల గాలి రాదు. రెండు గోడలు పొరుగువారివి, మూడవది మెట్లది. కుళాయి నీరు వచ్చువేళనుబట్టి మన నిద్ర, మన స్నానము, మన పూజ. ఒక మోటారు, నాలుగు వాటాలు; ముందు లేచినవారిది బిందె. పెద్ద లారీలు పగలు సందులలోనికి రాలేవు గనుక సరుకు రాత్రివేళ దిగును. ముఠా కూలీల కేకలు, ఇనుప తలుపులు జాఱు చప్పుడు, ఎండుమిరప ఘాటు. తొలి నెల మేము నిద్రపోలేదు. ఇప్పుడు పల్లెకు పోయిన రాత్రి ఆ నిశ్శబ్దమునకు నిద్ర పట్టదు, అది వేఱు సంగతి.

అద్దె తక్కువని కొండమీద నిల్లు చూచువారు మెట్లు లెక్కింపవలెను. మెట్లు పురుషుడు దినమునకు రెండుసారులెక్కును, స్త్రీ ఎన్నిసారులో చెప్పజాలము. గ్యాసు బండ మోసినవాడు మెట్లనుబట్టి కూలి యడుగును. నీరు పైకెక్కని దినమున బిందెలు భుజముమీదనే. నెలలు నిండిన యొక యిల్లాలిని కుర్చీలో కూర్చుండబెట్టి నలుగురు పట్టుకొని మెట్లు దించుట మేము చూచితిమి. ఆమె కన్నులు మూసికొని దుర్గమ్మను తలచుకొనుచుండెను. అట్లని కొండవారు ఆ యిండ్లను విడువరు. సాయంకాలమున గడపలో కూర్చున్నచో కృష్ణ యంతయు కన్నులముందుండును, గాలికి కొఱత లేదు. క్రిందనున్న మాకా రెండును లేవు. మాకు కృష్ణను చూడవలెనన్న, పిల్లలు పోరినప్పుడు గాంధీకొండకు పోవలసినదే. 1968లో గాంధీస్తూపము వెలసిన ఆ కొండకు పూర్వము ఆనకట్ట కట్టించిన ఓర్ దొరగారి పేరుండెడిది.

అద్దెవాటాలో నుండు స్త్రీలకు భారతములో ఒక తోడున్నది. లక్కయిల్లు దాటిన కుంతీదేవి ఏకచక్రపురమున నొక బ్రాహ్మణునింట తలదాచుకొన్నది కదా. గోడకావల ఏడ్పు వినబడగా, మనకేలయని యూరకుండక లేచి పోయి యడిగినది. బకాసురుని కథ అచ్చటనే మొదలైనది. గోడ పలుచనైనచోట పొరుగువారి కష్టము వినక తప్పదు. మేడమీది యిల్లాలికి జ్వరము వచ్చినపుడు మా చారు పైకి పోవును. మా వారు పరీక్షలపనిపై ఊరికి పోయినపుడు ఎదుటి దర్జీ సాయెబుగారి భార్య తన చిన్నదానిని మాకు తోడు పంపును. కాని గోడ పలుచనగుట రెండువైపులకును పనిచేయును. మేము ఎప్పుడు కోపపడితిమో, ఏమి వండితిమో వీధికి ముందే తెలియును. ఏకాంతము కోరువారికి వన్ టౌను తగదు.

దసరా సంగతి చెప్పకున్న బంధువులు నవ్వుదురు. నవరాత్రులలో వినాయకుని గుడి కడనుండియే క్యూలు సాగును, బండ్లు ఆపివేయుదురు, మూలానక్షత్రమునాడు సరస్వతీ యలంకారమునకు ఇసుక వేసిన రాలని జనము. గుడి దాపున నిల్లున్నదన్న మాట యెఱిగిన చుట్టములందఱును ఆ పది దినములలో వత్తురు. "దర్శనము చేసికొని పోదుమమ్మా, నీకు శ్రమ యెందుకు" అని వచ్చినవారు స్నానము, ఫలహారము, భోజనము, పిల్లలకు నిద్ర ముగించుకొని పోవుదురు. ఒక దసరాలో నొక్కదినమున ఇరువదియేడుగురికి ఇడ్డెనలు వేసితిమి. మేము అమ్మవారి దర్శనము చేసికొన్నది పండుగ పోయిన పిమ్మటి వారము. ఇది నష్టమో లాభమో మాకింకను తేలలేదు. పల్లెలో సంవత్సరమునకొకసారి కనబడని మేనత్తలు ఇచ్చట ఏటేట వచ్చి కడుపునిండ మాటలాడి పోవుచున్నారు.

ఇక ముఖ్యమైనది. 2024 ఆగస్టు నెలాఖరున ఎడతెగక కురిసిన వానకు బుడమేరు కట్టలు తెగినవి. సెప్టెంబరు 1వ తేదీకి సింగ్‌నగరము, రాజరాజేశ్వరీపేట మొదలగు పల్లపు పేటలు నీటిలోనుండెను. మఱునాడు ప్రకాశం బ్యారేజికి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది; బ్యారేజి కట్టినది మొదలు అంత నీరెన్నడును రాలేదు. ఊరంతయు కృష్ణ కట్టలవైపు చూచి భయపడుచుండగా, ఎవరును తలపని బుడమేరు వెనుకనుండి వచ్చి ముంచినది. ఆ వానకే మొగల్రాజపురమున కొండచరియ విఱిగి యిండ్లమీద పడి ప్రాణములు పోయినవి.

మా పినతల్లి కుమార్తె సింగ్‌నగరమున క్రింది యంతస్తులో కాపురముండెను. ఆ యిల్లు మా వాటాకన్న విశాలము, అద్దెయో రెండు వేలు తక్కువ. "వన్ టౌనులో ఆ యిరుకెందుకక్కా" అని మమ్ము పలుమాఱు అడిగెడిది. ఆ దినమున తెల్లవారునప్పటికి నీరు మంచము కోళ్ళనంటినది, మధ్యాహ్నమునకు కిటికీ దాటినది. మేడమీదివారి యింట మూడు దినములుండి, పడవలో బయటపడి, భర్తతోను, ఇద్దఱు పిల్లలతోను, అత్తగారితోను మా గుమ్మమున నిలిచినది. మా రెండు గదులలో పదునొకండు దినములు తొమ్మండుగురముంటిమి. బియ్యమునకు లోటు రాలేదు. మా అత్తగారు పంపిన బస్తా యుండెను. ఆ చెల్లెలు పట్టుచీరలకు ఏడువలేదు. తాను సొంతముగా సంపాదించుకొన్న కుట్టుమిషను బురదతో నిండినదని మాత్రము ఏడ్చినది. దానితో నెలకు నాలుగు వేలు తెచ్చుకొనెడిది, ఆ నాలుగు వేలతో ఆమెకింటిలో నొక మాట యుండెడిది. మరల మిషను కొనుటకు ఎనిమిది నెలలు పట్టినది. ఆ యింటి యద్దెలో తగ్గిన రెండు వేలు ఎచ్చటికి పోయినవో లెక్క వేసికొనుడు.

మా అత్తగారు మాతో రాలేదు. మేము ఊరు విడుచుటలో పోగొట్టుకొన్నవానిలో నింతకన్న పెద్దది లేదు. ఆమెకిప్పుడు డెబ్బదియాఱేండ్లు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో దివిసీమ యూళ్ళకు ఊళ్ళు కొట్టుకొనిపోయినపుడు ఆమె నిండు యౌవనమున నుండి, చంటిపిల్లవానిని కట్టుకొని ఆ యింటి అటుకుమీదనే ప్రాణము దక్కించుకొన్నది. ఆ పిల్లవాడే మా వారు. నిలిచిన యిల్లు విడుచుటకు ఆమె మనస్సొప్పదు. రెండుసారులు వచ్చి మా వాటాలో పక్షము చొప్పున ఉండిచూచినది. "మట్టి తగలని ఇంట్లో నా కాళ్ళు నిలవవే అమ్మాయీ" అన్నది. మేము కుండీలో తులసిని చూపితిమి. "అది మొక్క. నేనడిగింది నేల" అన్నది. ఏమి చెప్పగలము?

ప్రతి ఉదయము అయిదు గంటలకు ఫోను చేయుదుము. ఒక కార్తికమాసపు తెల్లవారుజామున గంట మ్రోగి మ్రోగి యాగినది. మరల చేసితిమి, మరల చేసితిమి. పొరుగు చిన్నది ఊరలో లేదు. మా వారు చొక్కా తొడుగుకొని బస్సు స్టాండునకు బయలుదేరినారు. ఎంత వేగిరపడినను రెండుగంటల దారి. ఎనిమిదింటికి ఆమెయే ఫోను చేసి, కాలువ స్నానమునకు పోయి అటునుండియటే గుడిలో కూర్చుంటినని నెమ్మదిగా చెప్పినది. మా వారప్పటికి పామఱ్ఱు దాటినారు. దిగి వెనుకకు రాలేదు. పోయి తల్లిని చూచి, రాత్రికి వచ్చినారు. ఆ దినమంతయు మాయిరువురిలో ఎవరును ఆ మాట యెత్తలేదు.

2025 ఆగస్టు 15నుండి స్త్రీలకు పల్లెవెలుగు మొదలు ఎక్స్‌ప్రెస్ వఱకు ఆర్టీసీ బస్సులలో టికెట్టు లేకుండుటచేత, ఆమె నెలకొకసారి గోంగూర మూటతో దిగుచున్నది. మూడు దినములుండి, నాలుగవనాడు తెల్లవారకముందే చీర మడతలు సర్దుకొనును. మా పెద్దపిల్ల చదువు ముగియువఱకు మేము కదలము. ఆమె ఆ నేల విడువదు. నడుమ బస్సు తిరుగుచున్నది.

రాదలచిన సోదరీమణులకు ఇల్లు చూచు సంగతి యొక్కటి చెప్పి ముగింతుము. ఇల్లు చూచుటకు పురుషులను మాత్రమే పంపకుడు. శీతకాలపు సాయంకాలమున కాక మే నెల మధ్యాహ్నమున పొండు. వంటగదిలో నిలిచి నూఱు లెక్కింపుడు, నిలువగలిగినచో తక్కిన గదులు చూడుడు. కుళాయి యే వేళ వచ్చునో, మోటారెన్ని వాటాలకో అడుగుడు. కొండమీదిదైనచో మెట్లను బిందెతో ఒకసారి ఎక్కుడు. వెనుకనున్న బండను చూడుడు. పల్లమునదైనచో 2024 సెప్టెంబరులో నీరు ఏ గడపవఱకు వచ్చినదో ఇంటి యజమానిని కాదు, ఎదురింటి యిల్లాలిని అడుగుడు. ఆమె గోడమీద చేయిపెట్టి చూపును.